ఒక ఇల్లు, నాలుగు పాటల పెట్టెలు: ప్లేయర్ యాప్‌లో వేర్వేరు లైబ్రరీలను ఎలా నడుపుకోవాలి

నల్లగొండలో మా ఇంట్లో పాటలన్నీ ఒకే చోట ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆదివారం పొద్దున పాప తన పాటలు పెట్టమంటే షఫుల్ నొక్కాను. రెండు పిల్లల పాటలు అయ్యాక స్పీకరులోంచి ఒక్కసారిగా డోలు దరువు మొదలైంది. అది ముప్పై ఏళ్ల కిందట మా ఊరి బీరప్ప పండుగలో నాన్న టేపు చేసుకున్న ఒగ్గు కథ. పాప ఉలిక్కిపడి తర్వాతి పాటకు మార్చేసింది. వరండాలో పేపరు చదువుకుంటున్న నాన్న లోపలికి వచ్చి, "కథను మధ్యలో ఆపవద్దు బిడ్డా" అన్నారు. పాప ఏడుపు మొహం పెట్టింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పాటలను ఒకే కుప్పగా పోయడంలోనే తప్పు ఉంది.

ఆ కుప్పను విడదీసి నాలుగు లైబ్రరీలుగా సర్దడానికి నాకు దాదాపు రెండు నెలల సెలవు రోజులు పట్టాయి. అందులో సగం చేసి చెరిపేసిన పనే. మీకు ఆ సగం మిగలాలని ఇది రాస్తున్నాను. సొంత పాటల ఫైళ్లు ఉన్నవాళ్లందరికీ ఇది పనికొస్తుంది. క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, సీడీల నుంచి తీసుకున్నవి, డబ్బు పెట్టి కొనుక్కున్నవి, ఫోనులో రికార్డు చేసినవి, ఏవైనా సరే.

పద్ధతి ఇది. ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద పాటల సర్వరు, అంటే పాటలను ఫోన్లకు అందించే ప్రోగ్రాము, నడుస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్లలో ప్లేయర్ యాప్ ఉంటుంది. నేను వాడేది జెల్లీఫిన్ సర్వరు, ఫోనులో ఫిన్‌యాంప్ ప్లేయర్. రెండూ ఉచితం. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో మొదలైంది. ఇప్పటికీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే దాన్ని నడుపుతున్నారు. ప్లెక్స్, ప్లెక్స్‌యాంప్ జోడీ వాడేవాళ్లకూ, నావిడ్రోమ్ వాడేవాళ్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది, మెనూల పేర్లు మాత్రం మారతాయి. నావిడ్రోమ్‌లో ఒకటికి మించి లైబ్రరీలు పెట్టుకునే వీలు 2025లో వచ్చిన 0.58 వెర్షన్‌తో మొదలైంది కాబట్టి, పాతది వాడుతుంటే ముందు దాన్ని అప్‌డేట్ చేసుకోండి.

సర్వరుకు ల్యాప్‌టాపే ఎందుకంటే, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మాకు అదే ఇన్వర్టరు.

ముందు గీత ఎక్కడ గీయాలో తేల్చుకోండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నేనూ మొదట జానపదం, భక్తి, సినిమా, శాస్త్రీయం అంటూ రకాన్నిబట్టి లైబ్రరీలు పెట్టాను. వారం తిరగకుండానే చిక్కు వచ్చింది. సినిమాలోని భక్తి పాట ఎక్కడికి వెళ్లాలి? జానపద బాణీలో ఉన్న సినిమా పాట ఎక్కడికి? రకాలను గుర్తుపెట్టడానికి జానర్ ట్యాగ్ (ఫైలులో పాట రకం రాసే గడి) ఉంది, ప్లేలిస్టులు ఉన్నాయి. లైబ్రరీ చేయాల్సిన పని వేరు. అది గోడ. ఒకదానిలోది మరొకదానిలోకి రాకూడనప్పుడే గోడ కట్టాలి.

గోడ కావాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ పాట తర్వాత యాప్ తనంతట తానే ఆ పాట వేస్తే, ఇంట్లో ఎవరైనా లేచి వెళ్లి ఆపేస్తారా? ఆపేస్తారంటే ఆ రెండూ వేర్వేరు లైబ్రరీల్లో ఉండాలి. ఆపరంటే ఒకే లైబ్రరీ చాలు. ఘంటసాల పాట తర్వాత బాలసుబ్రహ్మణ్యం పాట వస్తే మా ఇంట్లో ఎవరూ కదలరు, కాబట్టి సినిమా పాటలన్నీ ఒకటే. ఒగ్గు కథ మధ్యలో సినిమా పాట వస్తే నాన్న ఊరుకోరు. బతుకమ్మ ఆడుతుండగా పిల్లల పాట వస్తే బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న వలయమే ఆగిపోతుంది.

అలా మా ఇంట్లో నాలుగు తేలాయి: సినిమా, కథలు, బతుకమ్మ, పిల్లలు. మీ ఇంట్లో రెండే తేలవచ్చు. ఆరు దాటితే మాత్రం మళ్లీ ఆలోచించండి. ప్లేలిస్టులతో తీరే అవసరానికి గోడలు కడుతున్నారేమో చూసుకోండి.

ఫోల్డర్లు: యాప్ తెరవకముందే అయిపోవలసిన పని

సర్వరుకు తెలిసేది ఫోల్డరే. కాబట్టి "పాటలు" అనే ఒక పెద్ద ఫోల్డరు పెట్టి, అందులో సినిమా, కథలు, బతుకమ్మ, పిల్లలు అని నాలుగు ఫోల్డర్లు చేయండి. తెలుగు పేర్లతో ఏ ఇబ్బందీ రాదు. విండోస్, లినక్స్ రెండూ వాటిని చక్కగా తీసుకుంటాయి.

రెండు నియమాలు తప్పకుండా పాటించండి. మొదటిది: ఒక లైబ్రరీ ఫోల్డరు మరో లైబ్రరీ ఫోల్డరు లోపల ఉండకూడదు. "పాటలు" మొత్తాన్ని ఒక లైబ్రరీగానూ, దాని లోపలి "పిల్లలు" ఫోల్డరును ఇంకో లైబ్రరీగానూ ఇచ్చారంటే ప్రతి పిల్లల పాటా రెండు చోట్ల కనబడుతుంది, గోడ కట్టిన ఫలితం ఉండదు. రెండోది: ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో ఫోల్డరు ఉండాలి. ఒక ఫోల్డరులో ఉన్న పాటలన్నింటినీ జెల్లీఫిన్ ఒకే ఆల్బమ్‌గా లెక్కిస్తుంది. అయిదు సినిమాల పాటలను ఒకే ఫోల్డరులో పోస్తే అయిదూ కలిసిపోతాయి. ప్రతి ఆల్బమ్ ఫోల్డరులోనూ "ఫోల్డర్" అనో "కవర్" అనో ఆంగ్ల అక్షరాల్లో పేరు పెట్టి ఒక జేపెగ్ బొమ్మ ఉంచితే అదే అట్టగా కనబడుతుంది. క్యాసెట్ల అట్టలను నేను ఫోనుతో ఫోటో తీసి పెట్టాను. వాటి మీద నాన్న చేతిరాత ఉంది.

సినిమాలో ఇంకో మెలిక ఉంది. ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో సినిమాలు వచ్చాయి. 1953లో వచ్చిన దేవదాసు ఉంది, 2006లో వచ్చిన దేవదాసు ఉంది. ఆల్బమ్ పేరులోనే ఏడాది కలిపి "దేవదాసు 1953" అని రాసుకుంటే రెండు సినిమాల పాటలు కలవవు.

ప్లేలిస్టుల జోలికి వెళ్లకముందే ఈ పని పూర్తి చేయండి. ప్లేలిస్టులో చేర్చిన పాటను తర్వాత వేరే ఫోల్డరుకు జరిపితే లింకు తెగుతుంది.

క్యాసెట్టు నుంచి ఎక్కించేవాళ్లకు

టేపు రికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ, కంప్యూటరులో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఉండే ఒకే ఒక్క రంధ్రం ఒంటి మైకు కోసం చేసింది. అందుకని లైన్ ఇన్ (స్టీరియో శబ్దం తీసుకునే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండు కార్డు ఒకటి తెచ్చుకోండి. రికార్డింగ్ స్థాయి గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. డోలు దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియదు, ఒకసారి పగిలిన శబ్దం మళ్లీ బాగుపడదు.

సేవ్ చేసేటప్పుడు ఫ్లాక్ అనే ఫైలు రకంలో చేయండి. సీడీ నాణ్యతలో గంట నిడివి వేవ్ (కుదించని) ఫైలు దాదాపు 635 ఎంబీ ఉంటుంది. ఫ్లాక్ ఏ శబ్దాన్నీ పోగొట్టకుండా దాన్ని సగానికి అటూ ఇటూగా కుదిస్తుంది. వంద సీ-60 క్యాసెట్లకు 40 జీబీ చాలు. బుసబుస శబ్దం తగ్గించే పని చేయాలనిపిస్తే నకలు మీద చేయండి, మొదటి రికార్డింగు అలాగే ఉండనివ్వండి. నేను ఒక కథకు ఆ వడపోత కాస్త గట్టిగా వేసి చూశాను. బుసతో పాటు తాళాల గణగణ కూడా పోయింది.

కథలను పాటల్లా ముక్కలు చేయకండి. సీ-60 క్యాసెట్టుకు ఒక పక్క 30 నిమిషాలు. ఆ పక్కంతా ఒకే ట్రాకుగా ఉంచి, కథ పేరును ఆల్బమ్‌గా పెడితే కథకుడు చెప్పిన వరస చెదరదు.

ట్యాగులు: ఓపిక ఇక్కడ పెట్టండి

పాట ఫైలు లోపల ఆ పాట పేరు, గాయకులు, ఆల్బమ్ వంటి వివరాలు రాసి ఉంటాయి. వాటినే ట్యాగులు అంటారు. లైబ్రరీ ఎంత బాగా నడుస్తుందన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది. విండోస్‌లో ఎంపీ3ట్యాగ్, లినక్స్‌లో కిడ్3 ఈ పనికి సరిపోతాయి.

పాత ఎంపీ3 ఫైళ్లలో తెలుగు పేరుకు బదులు ప్రశ్నార్థకాల వరస కనబడుతుంటే కారణం ఇది. ఎంపీ3లో ట్యాగులు రాసే పద్ధతి పేరు ఐడీ3. దాని మొదటి వెర్షనులో తెలుగు లిపికి చోటే లేదు, పైగా పాట పేరుకు 30 అక్షరాలే. ఎంపీ3ట్యాగ్ ఐచ్ఛికాల్లోకి వెళ్లి, రాసే పద్ధతిని ఐడీ3 2.3, యూటీఎఫ్-16 అని ఎంచుకుని, పేర్లను మళ్లీ టైపు చేయండి. ప్రశ్నార్థకాలుగా మారిపోయిన పేరును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తీయలేదు. ఫ్లాక్ ఫైళ్లకు ఈ బెడద లేదు. వాటి ట్యాగులు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంటాయి.

ఇక పేర్ల సంగతి. "పి.సుశీల" ఒకరు, "పి. సుశీల" ఇంకొకరు, "సుశీల" మూడో మనిషి అని యాప్ అనుకుంటుంది. చుక్క తర్వాత ఖాళీ ఉందా లేదా అన్నది కూడా దానికి తేడానే. ఇంతకన్నా తిప్పలు పెట్టేది ఒకటుంది. ఒక గాయకుడి పేరు నా గాయకుల జాబితాలో రెండు సార్లు కనిపించేది. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్నాయి. ఒకదానిని చెరిపి మళ్లీ టైపు చేశాను, ఇంకా రెండే. ఒక సాయంత్రమంతా దానితోనే గడిచాక అర్థమైంది. "జేసుదాస్" లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి పెట్టే గుర్తు అది. ఫోనులో టైపు చేసిన పేరులో అది ఉంది, కంప్యూటరులో టైపు చేసిన దానిలో లేదు. మన కంటికి ఒకటే, యాప్‌కు రెండు.

దీనికి మందు తేలిక. మీ దగ్గరున్న గాయకులు, సంగీత దర్శకులు అందరి పేర్లను ఒక ఫైలులో ఒక్కసారి సరిగ్గా రాసుకోండి. ఆ తర్వాత ఎప్పుడు ట్యాగు రాసినా టైపు చేయకుండా అందులోంచి కాపీ చేసి అతికించండి. నా జాబితా ఇప్పుడు ఒకటిన్నర పేజీ ఉంది. ఆ పేజీన్నర తయారయ్యాక గాయకుల జాబితా మూడో వంతుకు పైగా చిన్నదైంది.

ఏ గడిలో ఏమి రాయాలన్నది లైబ్రరీనిబట్టి మారుతుంది. సినిమాకు ఆల్బమ్ ఆర్టిస్టు గడిలో సంగీత దర్శకుడిని, ఆర్టిస్టు గడిలో గాయకులను రాయండి. ఇద్దరు పాడితే పేర్ల మధ్య సెమీకోలన్ పెట్టండి. కామా పెడితే ఇద్దరూ కలిసి ఒకే మనిషి అవుతారు. ఆల్బమ్ ఆర్టిస్టు గడి ఖాళీగా వదిలితే ఒక్క సినిమాలోని ఆరు పాటలూ ఆరుగురి పేర్ల కింద చెదిరిపోవచ్చు.

కథలకు ఆల్బమ్ ఆర్టిస్టు ప్రధాన కథకుడు. వెనక వంత పాడినవాళ్లు, డోలు వాయించినవాళ్లు, ఊరు, సందర్భం అన్నీ కామెంటు గడిలోకి వెళ్లాలి.

బతుకమ్మ పాటల దగ్గర ఈ గడులు చాలవు. రాసినవారు ఎవరో తెలియదు. పాడేది ఒకరు కాదు. ఒకామె ఎత్తుకుంటుంది, వలయంలో ఉన్నవాళ్లందరూ అందుకుంటారు. నేను చాలా రకాలుగా ప్రయత్నించి చివరకు అమ్మను అడిగాను. పాటలను ఎలా గుర్తుపెట్టుకుంటావమ్మా అంటే, "ఉయ్యాల పాటలు వేరే, కోలు పాటలు వేరే, చందమామ పాటలు వేరే కదా" అంది. పాట మొదటి మాటను కాదు, చరణం చివర అందరూ కలిసి పలికే మాటనుబట్టి ఆమె పాటలను విడగొట్టుకుంది. ఆ మాటనే జానర్ గడిలో రాశాను. ఆర్టిస్టు గడిలో ఎత్తుకున్నామె పేరు. ఆల్బమ్ పేరు ఆ ఏటి పండుగ, "బతుకమ్మ 2019" అని. ఎంగిలి పూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పాటలను ట్రాకు సంఖ్యల వరసలో పెట్టాను. ఇప్పుడు అమ్మ కోలు పాటలు కావాలంటే కోలు పాటలే వస్తాయి.

సర్వరులో నాలుగు గోడలు

జెల్లీఫిన్‌ను ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, అదే ల్యాప్‌టాప్ బ్రౌజరులో localhost:8096 అని టైపు చేసి తెరవండి. మొదటిసారి అది అడిగే ప్రశ్నలకు జవాబిచ్చాక డాష్‌బోర్డులోకి వెళ్లి, లైబ్రరీలు అన్నచోట కొత్త లైబ్రరీ చేర్చండి. రకం సంగీతం అని ఎంచుకుని, పేరు రాసి, ఫోల్డరు చూపించండి. నాలుగు లైబ్రరీలకు నాలుగు సార్లు ఇదే పని. పది నిమిషాలు పట్టదు.

కానీ ఓకే నొక్కేముందు కింద ఉన్న మెటాడేటా డౌన్‌లోడర్లు, బొమ్మలు తెచ్చేవి అన్న చోట ఆగండి. ఇంటర్నెట్టులోని మ్యూజిక్‌బ్రెయిన్జ్, ఆడియోడీబీ వంటి చోట్ల వెతికి వివరాలు, బొమ్మలు తెచ్చి అతికించే సదుపాయం ఇది. సినిమా లైబ్రరీకి ఉంచండి, మేలు చేస్తుంది. కథలు, బతుకమ్మ లైబ్రరీలకు మాత్రం అన్ని టిక్కులూ తీసేయండి. ఇంతకు ముందు వాడిన ఒక యాప్‌లో నేను ఇది గమనించలేదు. అమ్మ పాడిన పాటకు, అదే పేరున్న ఎవరో గాయని ఫోటో వచ్చి కూర్చుంది. అమ్మ ఫోనులో తన పాటకు ఇంకొకరి ముఖం చూసి ఏమీ అనలేదు, ఫోను పక్కన పెట్టేసింది. ఇంట్లో పుట్టిన రికార్డింగుకు వివరాలు ఇంట్లోనే ఉంటాయి. వాటి కోసం ఇంటర్నెట్టు దాకా వెళ్లనివ్వకండి.

ఎవరికి ఏ తలుపు

అందరూ ఒకే ఖాతాతో లోపలికి వస్తే గోడలు కట్టిన ప్రయోజనం సగమే. డాష్‌బోర్డులో యూజర్లు అన్నచోట ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా చేయండి. ప్రతి ఖాతాలో యాక్సెస్ అనే భాగం ఉంటుంది. అన్ని లైబ్రరీలకూ అనుమతి అన్న టిక్కు తీసేస్తే విడివిడిగా ఎంచుకునే జాబితా వస్తుంది. పాప ఖాతాకు పిల్లల లైబ్రరీ, బతుకమ్మ లైబ్రరీ. నాన్నకు కథలు, సినిమా. అమ్మ మాత్రం నాలుగూ కావాలంది.

ఇప్పటికీ ఒక సందు మిగిలి ఉంటుంది. ఒక పాటను పోలిన పాటలను వరసగా వేసే ఇన్‌స్టంట్ మిక్స్ మొదలుపెట్టినప్పుడు జెల్లీఫిన్ ప్రధానంగా జానర్‌ను చూసి పాటలు ఏరుతుంది. ఆ ఖాతాకు అనుమతి ఉన్న అన్ని లైబ్రరీల్లోంచీ ఏరుతుంది, లైబ్రరీ గోడ దాన్ని ఆపదు. సినిమా పాటకూ నాన్న కథకూ రెండింటికీ "జానపదం" అని రాసి ఉంటే రెండూ కలిసి వస్తాయి. నాన్న ఫోనులో అదే జరిగింది. అందుకని ఒక లైబ్రరీలో వాడిన జానర్ పేరును ఇంకో లైబ్రరీలో వాడకండి. సినిమాలో "సినిమా జానపదం", కథల్లో "ఒగ్గు కథ", "కిన్నెర కథ" అని మార్చాక మళ్లీ ఆ గోల రాలేదు.

ఫోనులో

ఫిన్‌యాంప్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ దొరుకుతుంది. సర్వరు చిరునామా, పేరు, సంకేతపదం ఇచ్చాక ఏ లైబ్రరీలు చూపాలో అడుగుతుంది. పక్క మెనూలో లైబ్రరీల పేర్లు వరసగా ఉంటాయి. దేన్ని తాకితే ఆ లైబ్రరీలోకి వెళతారు, షఫుల్ దాని లోపలే తిరుగుతుంది.

ఫ్లాక్ ఫైలు నాలుగు నిమిషాల పాటకు 25 ఎంబీ దాకా తింటుంది. ఇంటి వైఫై మీద పరవాలేదు, మొబైల్ డేటా మీద భారమే. సెట్టింగుల్లో ట్రాన్స్‌కోడింగ్ (పంపేటప్పుడు పాటను చిన్నది చేసే సదుపాయం) ఆన్ చేసి 128 కేబీపీఎస్ పెడితే అదే పాట 4 ఎంబీలోపు వస్తుంది. సర్వరులోని అసలు ఫైలు మారదు. సిగ్నల్ సరిగ్గా అందని పొలం దగ్గరకు, ప్రయాణాలకు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్ మోడ్‌లో వినవచ్చు. నాన్న దేవరకొండ బస్సు ఎక్కేముందు కథ ఒకటి దింపుకుంటారు.

హైదరాబాదులో ఉన్నవాళ్లకు, పాలమూరులో ఉన్నవాళ్లకు

చాలా ఇళ్ల ఇంటర్నెట్టు కనెక్షన్లకు బయటి నుంచి నేరుగా చేరుకునే సొంత చిరునామా ఉండదు. రౌటరులో పోర్టు తెరిచి ప్రయత్నించి విసిగిపోయేకన్నా సర్వరులోనూ, బయట ఉన్నవాళ్ల ఫోనులోనూ టెయిల్‌స్కేల్ పెట్టండి, దూరంగా ఉన్న పరికరాలను ఒకే ఇంటి నెట్‌వర్కులా కలిపే యాప్ ఇది. అది ఇచ్చే చిరునామాను ఫిన్‌యాంప్‌లో రాస్తే హైదరాబాదులో ఉన్న తమ్ముడికి కూడా ఇంట్లో కూర్చున్నట్టే పాటలు వస్తాయి. సొంత వాడకానికి ఉచితమే. సర్వరును అందరికీ తెరిచి పెట్టే ప్రమాదం కూడా తప్పుతుంది. కొనుక్కున్న సినిమా పాటలు ఇంటివరకే.

మా అక్క అత్తవారిది నాగర్‌కర్నూల్ వైపు. బావగారి దగ్గర ఒక హార్డ్‌డిస్కు నిండా పాటలున్నాయి. అందులో 12 మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం మీద పాడిన పండుగ సాయన్న కథ కూడా ఉంది, ఊళ్లో ఎవరింటి ముందో రికార్డు చేసింది. దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యం పేరు అందరి నోటా వినబడింది కానీ, బావగారి టేపు అంతకన్నా చాలా పాతది. ఆయన డిస్కు మా సర్వరుకు చేరినప్పుడు "బావగారి పాటలు" అని అయిదో లైబ్రరీ పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఎవరి పాటలన్నది గోడకు కారణం కాదు. ఆయన సినిమా పాటలను సినిమాలోకి, కిన్నెర కథను కథల్లోకి చేర్చి, ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో కామెంటు గడిలో రాశాను.

ఇలా రెండు ఇళ్ల పాటలు కలిపేటప్పుడు ఒకే పాట రెండు సార్లు వస్తుంది. పేరు చూసి చెరిపేయకండి, నిడివి చూడండి. ఒకే పాట 3 నిమిషాల 20 సెకన్లు ఒకటి, 4 నిమిషాల 5 సెకన్లు ఒకటి ఉంటే రెండోదానిలో రికార్డులో తీసేసిన చరణం ఉండవచ్చు. నిడివి కూడా ఒకటే అయితే ఫ్లాక్‌ను ఉంచి ఎంపీ3ని తీసేయండి.

నకళ్లు

పాటల ఫోల్డరు మొత్తానికి ఇంట్లో ఒక హార్డ్‌డిస్కులో నకలు, వేరే ఊళ్లో ఇంకో నకలు ఉండాలి. మా రెండో నకలు బావగారింట్లో ఉంది. దసరాకు వాళ్లు వచ్చినప్పుడు డిస్కు తెస్తారు, కొత్తవి ఎక్కించి పంపుతాం. ప్లేలిస్టులు, ఖాతాలు, ఇష్టమైనవిగా గుర్తుపెట్టినవి పాటల ఫైళ్లలో ఉండవు, జెల్లీఫిన్ సొంత డేటా ఫోల్డరులో ఉంటాయి. విండోస్‌లో అది ప్రోగ్రామ్‌డేటా లోపల ఉంటుంది. సర్వరును ఆపి ఆ ఫోల్డరును కూడా నకలు చేయండి.

ఈ పని మాత్రం వాయిదా వేయకండి

మిగతావన్నీ వచ్చే ఏడాది చేసినా పోయేదేమీ లేదు. కామెంటు గడి అలా కాదు. పాత రికార్డింగుల్లో వినబడుతున్న గొంతులు ఎవరివో చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లో ఇంకా ఉంటే, వారానికి ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. ఫోను వాళ్ల చేతికివ్వండి, కంప్యూటరు మీ ముందు పెట్టుకోండి. పాట ఆపి ఆపి అడగకండి. వాళ్లంతట వాళ్లు మాట్లాడినప్పుడు ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో చూసి రాసుకోండి.

అమ్మతో అలా కూర్చున్న రెండో ఆదివారం, ఒక పాత బతుకమ్మ క్యాసెట్టు ఏ పక్కలో 11వ నిమిషం దగ్గర ఆమె చేయెత్తి ఆగమంది. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. అందరి గొంతుల కింద, కాస్త ఆలస్యంగా అందుకునే ఒక సన్నటి గొంతు. నాకు అన్నేళ్లుగా అది విడిగా వినబడనే లేదు. "మా అమ్మది" అంది. అమ్మమ్మ గొంతు ఉన్న రికార్డింగు మా దగ్గర ఒక్కటీ లేదనే అనుకుంటూ వచ్చాం. కామెంటు గడిలో 11 నిమిషాల 40 సెకన్లు అని రాసి, పక్కన అమ్మమ్మ పేరు రాశాను. బీ పక్క ఇంకా వినలేదు. వచ్చే ఆదివారం పెద్దమ్మను కూడా పిలుస్తానంది అమ్మ.